ఇంట్లో రాని కన్నీళ్ళు క్లాసులో వచ్చాయంటే

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. నేను బీఏ ఇంగ్లీషు లిటరేచర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది పల్నాడు వైపు ఒక పల్లెటూరు. ఈ సెమిస్టర్‌లో మాకు జాన్ డన్ అనే పాతకాలపు ఇంగ్లీషు కవి రాసిన హోలీ సానెట్ ఒకటి, అంటే పద్నాలుగు పాదాల భక్తి కవిత, చెప్పారు. ప్రళయం రోజున దేవదూతలు బూరలు ఊదే కవిత. సార్ చదువుతుంటే నాకు ఏడుపొచ్చేసింది. ఎందుకో తెలియదు. నిజానికి ఇంటర్ నుంచే నాకు దేవుడి మీద నమ్మకం పోయింది. అమ్మ కోసం పూజ దగ్గర నిలబడతాను, అంతే. నానమ్మ రోజూ పొద్దున్నే గజేంద్ర మోక్షం పద్యాలు చదువుకుంటుంది. అవి విన్నా నాకేమీ అనిపించదు. సార్ మమ్మల్ని 'సాహిత్యం, కళ, విశ్వాసం' మీద సొంత ఆలోచనలు రాసి తెమ్మన్నారు. నేను ఆరు పేజీలు రాస్తే ఎర్ర ఇంకుతో 'ఇందులో కవిత ఎక్కడమ్మా?' అని రాసి తిరిగిచ్చేశారు. రెండోసారి నెట్‌లో చూసి రాశాను, అది నాకే నచ్చలేదు. రెండూ జత చేస్తున్నాను. నా పక్కన కూర్చునే అమ్మాయి వాళ్ళు చర్చికి వెళ్తారు. 'నమ్మకం లేనప్పుడు ఆ కవిత నీకేం అర్థమవుతుందే' అంది. ఇంకో అబ్బాయి 'దేవుడే లేడు, ఇక ఆ కవితకి విలువేంటి' అన్నాడు. ఇంట్లో దేవుడి ముందు రాని కన్నీళ్ళు ఎవరో తెల్లాయన దేవుడి ముందు రావడం తప్పు కాదా? నేను నటిస్తున్నానా? ఏం రాయమంటారు? పదో తేదీలోగా ఇవ్వాలి.
– ఒక విద్యార్థిని

సమాధానం: మీ సార్ మంచి మాట రాశారమ్మా. ముప్పై రెండేళ్ళు డిగ్రీ పిల్లల పేపర్లు దిద్దినదాన్ని, ఎర్ర ఇంకు కనపడగానే మొహాలు ఎలా మాడిపోతాయో నాకు తెలుసు. కానీ ఆయన 'నీ గోల ఎందుకు రాశావు' అనలేదు చూడు. 'కవిత ఎక్కడ' అని మాత్రమే అడిగారు. నువ్వేమో సొంత మాటలు రాయడమే నేరం అనుకుని, ఉన్నదంతా పీకేసి, నెట్‌లో దొరికింది తెచ్చి అతికించావు. మొదటి కాగితాల్లో నువ్వున్నావు, కవిత లేదు. రెండో కాగితాల్లో కవితా లేదు, నువ్వూ లేవు.

ఆ ఆరు పేజీలూ రెండుసార్లు చదివాను. 'నమ్మకం' అన్న మాట ఇరవై మూడుసార్లు వచ్చింది, పెన్సిల్‌తో గీతలు పెట్టి మరీ లెక్కపెట్టాను. కవితలోని మాట ఒక్కటంటే ఒక్కటి లేదు. కనీసం బూర కూడా లేదు. ఏడ్చానని మూడు చోట్ల రాశావు. ఏ పాదం దగ్గర ఏడ్చావో ఒక్కచోటా రాయలేదు. నేను వెతికింది దానికోసమే. మీ సార్ అడిగిందీ బహుశా అదే.

ముందు నీ స్నేహితురాలి మాట సంగతి చూద్దాం. నమ్మకం లేనివాళ్ళకి భక్తి కవిత అర్థమవుతుందా అన్న పేచీ మీ క్లాసులో పుట్టింది కాదు. వందేళ్ళ కిందట కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్ అని ఒక మాస్టారు ఉండేవాడు. ఆయన కవి పేరు తీసేసి, ఏ కాలం నాటిదో చెప్పకుండా, ఉత్త కవితల్ని అచ్చు వేయించి పిల్లలకి పంచేవాడు. వారం తరవాత మీకేమనిపించిందో రాసి తెండి అనేవాడు. వాళ్ళు రాసినవన్నీ పోగేసి, వాటి మీద 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజం' అని పుస్తకం వేశాడు. అందులో ఉన్నవి పదమూడు కవితలు. వాటిలో మూడోది నిన్ను ఏడిపించిన ఈ సానెట్టే.

రాసినవాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్న కుర్రాళ్ళు, అమ్మాయిలు. చిన్నప్పటి నుంచి చర్చి గంటలు విన్న దేశం వాళ్ళది. అయినా ఆ కవిత ముందు చాలామంది తడబడ్డారు. మాకు ఇలాంటి నమ్మకాలు లేవు కాబట్టి ఇది మాకు పట్టదు అన్న ధోరణిలో రాసినవాళ్ళున్నారు. భక్తి కనపడగానే మెచ్చుకుని, కవితలో ఏం జరుగుతోందో చూడనివాళ్ళూ ఉన్నారు. అంటే మీ క్లాసులో నువ్వు, నీ పక్కమ్మాయి, ఆ అబ్బాయి ముగ్గురూ ఆ పుస్తకంలో ముందే ఉన్నారన్నమాట. రిచర్డ్స్ ఆ తగువు తీర్చడానికి బుద్ధితో ఒప్పుకునే నమ్మకం వేరు, మనసుని పట్టుకునే నమ్మకం వేరు అని ఒక గీత గీశాడు. కవిత చదవడానికి రెండోది చాలంటాడు. నాకు ఆ గీత పూర్తిగా మింగుడుపడలేదు. మనుషుల్లో ఆ రెండూ అంత శుభ్రంగా విడిపోయి ఉండటం నేను చూడలేదు. కానీ పరీక్షకి అది బాగా పనికొస్తుంది, గుర్తుపెట్టుకో.

ఇప్పుడు పుస్తకం తియ్యి.

మొదటి పాదంలోనే ఒక మాట ఉంది, 'ఇమాజిన్డ్'. గుండ్రటి భూమికి ఊహించుకున్న మూలల్లో నిలబడి బూరలు ఊదండి అని దేవదూతలకి చెబుతున్నాడు. బైబిల్ చివర్లో వచ్చే ప్రకటన గ్రంథంలో నలుగురు దూతలు భూమి నాలుగు మూలలా నిలబడి ఉంటారు. డన్ నాటికి భూమి గుండ్రంగా ఉందని చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. బంతికి మూలలెక్కడివి? ఆయన బైబిల్ మాటనీ వదులుకోలేదు, భూగోళం సంగతినీ వదులుకోలేదు. రెండిటి మధ్యా 'ఊహించుకున్న' అని ఒక్క మాట పెట్టాడు. మనమూ రోజూ 'ప్రపంచం నలుమూలల నుంచీ' అంటూనే ఉంటాం. జాగ్రఫీ చెప్పే మాస్టారు కూడా అంటాడు. ఎవరం ఆ మాట దగ్గర ఆగం. ఆయన ఆగాడు.

తరవాత చచ్చిపోయినవాళ్ళ జాబితా. వరదలో పోయినవాళ్ళు, చివరి రోజు మంటల్లో పోబోయేవాళ్ళు, యుద్ధం, కరువు, ముసలితనం, చలిజ్వరం, దౌర్జన్యం, నిరాశ, చట్టం, ఏదో అనుకోని ప్రమాదం. వీటన్నిటి వల్లా పోయినవాళ్ళందరూ లేవండి అంటాడు. ఊపిరి తీసుకోవడానికి కూడా సందు ఇవ్వకుండా ఒకదాని వెనక ఒకటి పేర్చాడు. అందులో 'చట్టం' అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. ఎందుకో చెబుతాను. డన్ 1572లో కాథలిక్ కుటుంబంలో పుట్టాడు. అప్పటి ఇంగ్లండులో కాథలిక్‌గా బతకడం ప్రమాదం. ఆయన తమ్ముడు హెన్రీ ఒక కాథలిక్ ఫాదర్‌ని తన గదిలో దాచాడని పట్టుకుని జైల్లో వేస్తే, 1593లో జ్వరమొచ్చి అక్కడే చనిపోయాడు. జ్వరమూ ఆ జాబితాలో ఉంది, చట్టమూ ఉంది. రాసేటప్పుడు ఆయనకి తమ్ముడు గుర్తొచ్చాడని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ ఆ జాబితా పుస్తకాల్లోంచి ఎత్తి రాసినవాడిది కాదని మాత్రం నాకు అనిపిస్తుంది.

తరవాత ఆయన పుట్టిన మతశాఖని వదిలేసి ఇంగ్లండు చర్చిలోకి వచ్చాడు. 1615లో ఫాదర్ అయ్యాడు. ఈ సానెట్ అంతకన్నా ముందు, 1609 ప్రాంతంలో రాసిందంటారు. ఆయన పోయిన రెండేళ్ళకి, 1633లో అచ్చయింది. నువ్వు నీ కాగితంలో 'చెక్కుచెదరని విశ్వాసం ఉన్న కవి' అని రాశావు. అది కొట్టెయ్. చెక్కు చెదిరింది, చాలా చెదిరింది.

ఎనిమిది పాదాలు లోకాన్నంతా నిద్ర లేపుతూ అరిచినవాడు తొమ్మిదో పాదంలో 'కానీ' అంటాడు. 'కానీ వాళ్ళని ఇంకాసేపు పడుకోనీ ప్రభూ, నన్ను కొంచెం ఏడవనీ.' గొంతు అక్కడ ఒక్కసారిగా పడిపోతుంది. బూరలన్నీ ఆగిపోతాయి. ఆకాశం, దూతలు అందరూ పోయి ఒక్క మనిషి మిగులుతాడు, 'ఇక్కడ, ఈ నేల మీద' అంటూ. నువ్వు ఏడ్చింది ఇక్కడేనా? అవును అయితే నీకు రాయడానికి చోటు దొరికింది. కాదు, జాబితా దగ్గర ఏడ్చాను అంటే ఇంకా మంచిది, ఎవరు గుర్తొచ్చారో నీకే తెలుస్తుంది. మీ ఇంట్లో ఆ జాబితాలోని ఏ మాట వల్ల ఎవరు పోయారో నేను అడగను. అది నీ కాగితంలో రాయాలా వద్దా అన్నది కూడా నీ ఇష్టమే.

చివరి రెండు పాదాల్లో మరో చిన్న మాట ఉంది, 'అయినట్టే' అని. నాకు పశ్చాత్తాపపడటం నేర్పు, అది చాలు, నీ రక్తంతో నా క్షమాపణకి ముద్ర వేసినట్టే లెక్క అంటాడు. క్రైస్తవుల నమ్మకం ప్రకారం ఆ రక్తం ఎప్పుడో చిందింది, ముద్ర ఎప్పుడో పడింది. మరి భక్తుడు 'వేసినట్టే' అంటాడేం? 'వేశావు కదా' అనాలి కదా? దీని మీద పండితులు ఎంతైనా వాదించుకోగలరు. నువ్వు మాత్రం నీ పక్కమ్మాయిని అడుగు. వాదనకి దిగకు, నిజంగానే అడుగు. 'మీ చర్చిలో ఎవరైనా ఇలా ప్రార్థన చేస్తే మీ పాస్టర్ గారు ఏమంటారు?' అను. నీకు ఆ మాటలో ఉన్న గుచ్చుడు తెలియకపోవచ్చు, ఆ అమ్మాయికి తెలుస్తుంది. ఆ అమ్మాయి అలవాటు కొద్దీ దాటిపోయిన చోట నువ్వు ఆగి ఉండొచ్చు. మీరిద్దరూ కలిసి చదివితే ఆ పద్నాలుగు పాదాలు మా కాలం నోట్సుల కన్నా బాగా అర్థమవుతాయి.

ఇక 'నటిస్తున్నానా' అన్నావే, దాని గురించి.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో తిరునాళ్ళకి హరిశ్చంద్ర నాటకం ఆడేవాళ్ళు. కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజామున రెండో మూడో అయ్యేది. మా అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. అదే మనిషి సాయంత్రం హరిశ్చంద్రుడు వేసే ఆయన మా అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తుంటే 'అన్నం తిన్నావా నాయనా' అని పలకరించి వచ్చింది. ఆయన రాజు కాదని ఆమెకి తెలియదా? పైగా పద్యం అవగానే జనం 'వన్స్ మోర్' అని అరిచేవాళ్ళు. ఆయన మళ్ళీ కాష్ఠం దగ్గరికి వెళ్ళి అదే పద్యం మళ్ళీ ఎత్తుకునేవాడు, అమ్మమ్మ మళ్ళీ ఏడ్చేది. కన్నీళ్ళు దొంగవి అయితే రెండోసారి రావు కదా. ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ 1817లో దీనికి ఒక పేరు పెట్టాడు, అపనమ్మకాన్ని మనంతట మనమే కాసేపు పక్కన పెట్టడం అని. మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. మా అమ్మమ్మకి ఆయన పేరు తెలియకపోయినా ఆ పని బాగా వచ్చు.

ఇంకో సంగతి విను, ఇది మీ పల్నాడుదే. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకం ఆడుతూ నటులు కాటిసీనులో 'ఇచ్చోటనే' అని మొదలయ్యే పద్యం ఎత్తుకుంటారు. అది జాషువా గారిది, 'శ్మశానవాటి' పద్యాల్లోది. వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి రాసిన పద్యం మన పౌరాణిక నాటకంలోకి వచ్చి కూర్చుంది. రాత్రంతా కూర్చుని చూసిన వేలమందిలో ఒక్కరు కూడా ఇది రాసినాయన ఏ దేవుణ్ణి మొక్కుతాడు అని లేచి అడిగినట్టు నేను వినలేదు. ఆయనే 1941లో 'గబ్బిలం' రాశాడు. గుడిలోకి రానివ్వని మనిషి, గుడి కప్పుకి వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. ఆయనే 'క్రీస్తు చరిత్ర' కూడా రాశాడు, దానికి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఈ మూడూ ఒకే చేతి రాతలు. 'తెల్లాయన దేవుడు' అని నువ్వు గీసుకున్న గీత దగ్గర ఈయన్ని నిలబెట్టి చూడు.

అయితే తెల్లాయన దేవుడు మన క్లాసులోకి ఎలా వచ్చాడన్నది మాత్రం న్యాయమైన ప్రశ్నే. ఊరికే రాలేదు. మతం జోలికి పోం అని పైకి చెప్పుకున్న కంపెనీ ప్రభుత్వం బైబిల్‌ని నేరుగా పాఠంగా పెట్టలేక, ఆ నీతిని ఇంగ్లీషు సాహిత్యం ద్వారా చెప్పించింది అని గౌరీ విశ్వనాథన్ 1989లో 'మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్' అనే పుస్తకంలో వివరంగా రాసింది. ఇంగ్లండులోని పాత యూనివర్సిటీల కన్నా ముందే మన దేశంలో ఇంగ్లీషు సాహిత్యం పాఠ్యాంశం అయింది. ఆసక్తి ఉంటే చదువు. కానీ ఎనిమిది వందల మాటల కాగితంలో అది ఇరికించకు, ఎటూ కాకుండా పోతుంది.

దేవుడే లేడు అన్న అబ్బాయికి నువ్వు సమాధానం చెప్పనక్కర్లేదు. అతన్ని మాథ్యూ ఆర్నాల్డ్ 'డోవర్ బీచ్' చదవమను. 1867లో అచ్చయింది. నమ్మకం పోయిన మనిషి రాసిన కవితే అది, కానీ అందులో గెలిచానన్న సంబరం లేదు. ఒకప్పుడు లోకమంతా నిండుగా ఉన్న విశ్వాసమనే సముద్రం ఇప్పుడు వెనక్కి వెనక్కి పోతోంది, ఆ చప్పుడు వినపడుతోంది అంటాడు. ఆ చప్పుడు నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదమ్మా. నేను చూసింది సూర్యలంక, అక్కడంతా ఇసక. డోవర్‌లో గులకరాళ్ళు. అల వెనక్కి పోతూ రాళ్ళని ఈడ్చుకుపోతుంది. ట్రాక్టర్ తొట్టి ఎత్తి కంకర దించేటప్పుడు వస్తుందే, ఆ గరగర శబ్దాన్ని సాగదీసి, మెల్లగా విను. అప్పుడు ఆ పాదం చదువు.

ఒకసారి నేను ఈ పాఠం చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచాడు. సముద్రం మీద వేటకి వెళ్ళే ఇంటివాడు. 'మేడమ్, ఆటు తరవాత పోటు వస్తది గదా. ఈయన ఆటు కాడే ఆపేశాడేంటి?' అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేశాను. ఆ తప్పు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఎందుకంటే కవితలో మొదటి పాదాల్లోనే సముద్రం నిండు పోటు మీద ఉంటుంది. కళ్ళ ముందు పోటు ఉండగా ఆయన చెవికి ఆటు వినిపిస్తోంది. ఆ అబ్బాయి అడిగింది ఆ కవిత గుండెకాయ లాంటి ప్రశ్న. నేను పుస్తకాల్లో చదివి ఎప్పుడూ అడగని ప్రశ్న. వాడు చూసిన సముద్రమే వాడికి దాన్ని చూపించింది. వాడికి ఇంగ్లీషు అంతంత మాత్రం.

నువ్వు చూసినవి నీకున్నాయి, పూజ దగ్గర ఊరికే నిలబడటంతో సహా. అది దాచుకోవలసిన తప్పులా రాశావు. అమరావతి మీకు దగ్గరే కదా, ఒకసారి వెళ్ళి చూడు. మీ సార్ కళ గురించి కూడా రాయమన్నారు, నువ్వు ఆ ఊసే ఎత్తలేదు. అక్కడి తొలినాటి శిల్పాల్లో బుద్ధుడి బొమ్మ ఉండదు. ఒక ఖాళీ ఆసనం ఉంటుంది, లేదా రెండు పాదాల గుర్తులు, ఒక బోధి చెట్టు. చుట్టూ జనం చేతులు జోడించి వంగి ఉంటారు. ఎవరికి దణ్ణం పెడుతున్నారంటే, అక్కడ లేనివాడికి. ఆ రాళ్ళలో చాలా భాగం ఇప్పుడు అక్కడ లేవు. కొన్ని లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో. ఎగ్మూరులో నలగిరి అనే మదపుటేనుగు శిల్పం ఒకటుంది. ఒకే గుండ్రటి రాతిలో ఒకవైపు ఏనుగు మనుషుల్ని తొక్కుతూ ఉంటుంది, పక్కనే అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. పై కిటికీల్లోంచి జనం తొంగి చూస్తుంటారు. నేను అక్కడ నిలబడి కోడిగుడ్డు మీద ఈకలు పీకుతూ నోట్స్ రాసుకుంటుంటే, పల్లె నుంచి వచ్చినట్టున్న ఒకామె ఆ రాతి ముందుకొచ్చి చెప్పులు విడిచింది. కాసేపు చూసింది. మళ్ళీ చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. ఆమె బుద్ధుణ్ణి నమ్ముతుందో, ఏనుగంటే వినాయకుడనుకుందో, అంత పాత రాయి మీద గౌరవమో నాకు తెలియదు. నేను మాత్రం ఆ రోజు నోట్‌బుక్ మూసేశాను.

ఏనుగు అన్నాను కాబట్టి మీ నానమ్మ దగ్గరికి వస్తాను.

గజేంద్ర మోక్షం విన్నా ఏమీ అనిపించదన్నావు. చిన్నప్పటి నుంచి రోజూ వింటే ఎవరికీ ఏమీ అనిపించదు, ఫ్యాను చప్పుడు లాగే. డన్‌ని చదివినట్టు పోతనని ఎప్పుడైనా కూర్చుని చదివావా, ఒక్కో మాట దగ్గర ఆగి? 'లావొక్కింతయు లేదు' అందరికీ వచ్చు. దానికంటే ముందు ఇది వస్తుంది:

కలడందురు దీనుల యెడ
కలడందురు పరమయోగి గణముల పాలన్
కలడందు రన్నిదిశలను
కలడు కలండనెడివాడు కలడో లేడో

మొసలి కాలు పట్టుకుని ఉంది. ఒంట్లో బలం అయిపోయింది. భక్తులకే ఆదర్శం అనుకునే ఆ ఏనుగు అంటున్న మాట ఇది. మూడుసార్లు 'ఉన్నాడంటారు' అంది. 'ఉన్నాడు' అనలేదు, 'అంటారు' అంది. దీనుల దగ్గర ఉన్నాడంటారు, యోగుల దగ్గర ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు. ఉన్నాడు ఉన్నాడు అనే ఆ ఒక్కడు ఉన్నాడో, లేడో. ఆ 'అందురు' పక్కన డన్ 'ఊహించుకున్న' పెట్టు. ఆ 'కలడో లేడో' పక్కన 'ముద్ర వేసినట్టే' పెట్టు. ఒకాయన అన్ని దిశలూ అంటాడు, ఇంకొకాయన నాలుగు మూలలూ అంటాడు. ఇద్దరూ ఆ మాట అన్న వెంటనే అక్కడే కాలు తడబడతారు.

నీకు నమ్మకం తిరిగి రావాలని నేను దీన్ని చూపించడం లేదు. అది నా పని కాదు, మీ సార్ పనీ కాదు. అమ్మకి ఇప్పుడే ఏదో ప్రకటించాల్సిన అవసరమూ లేదు. నీ సందేహం ఈ కవితలకి బయట నిలబడి లోపలికి తొంగి చూస్తోందని నువ్వనుకుంటున్నావు. లోపల ముందే ఒకటి కూర్చుని ఉందని చెబుతున్నాను, అంతే.

కాగితం ఎలా రాయాలంటే, ఆరు పేజీల్లోంచి ఆ ఏడుపు ఉన్న పేరా ఒక్కటి ఉంచి మిగతాది పక్కన పెట్టెయ్. 'నేను' అని రాయడానికి భయపడకు. కానీ ప్రతి 'నేను' వెనకాల కవితలో మాట ఒకటి ఉండేట్టు చూసుకో. ఉదాహరణకి ఇలా: 'తొమ్మిదో పాదంలో కానీ అన్న మాట వచ్చేదాకా ఈ కవిత నాది కాదనుకున్నాను. బూరలు, దూతలు మా ఇంట్లో లేరు. కానీ అన్న తరవాత గొంతు తగ్గింది, పడుకోనీ, నన్ను ఏడవనీ అన్నాడు. అలా ఎవరినో అడగాలని నాకూ ఉంది, ఎవరిని అడగాలో తెలియదు.' ఇది నా రాత, దీన్ని ఎత్తి రాయకు, మీ సార్ పట్టేస్తారు. నీ మాటలు నువ్వు రాసుకో. తరవాత పేరాలో పోతన పద్యం తీసుకో. ఇంగ్లీషు పేపర్లో తెలుగు పద్యమా అని అనుకోకు. పద్యం ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, కింద అర్థం నువ్వే చెప్పు. 'అందురు' అన్న మాటని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తేల్చుకోవడానికే నీకు ఒక పూట పడుతుంది. ఆ పూట వృథా కాదు. 'విశ్వాసం అనగా' అని మాత్రం మొదలుపెట్టకు. 'కాబట్టి సాహిత్యం మనకు నేర్పునది ఏమనగా' అని ముగించకు. అమరావతికి వెళ్ళే వీలు పదో తేదీలోపు లేకపోతే కళ గురించి వదిలెయ్, చూడనిది రాయొద్దు.

అన్నట్టు, రాయడానికి కూర్చునే ముందు ఒకరోజు పొద్దున్నే లేచి నానమ్మ పక్కన కూర్చో. ఫోన్ లోపల పెట్టి రా. 'కలడో లేడో' దగ్గర ఆమె గొంతు ఎలా పోతుందో విను. గబగబా దాటేస్తుందా, ఆగుతుందా, రాగం దించుతుందా. చదవడం అయ్యాక 'నానమ్మా, ఇక్కడ ఏనుగు నిజంగానే అనుమానపడిందంటావా' అని అడుగు. ఆమె ఏమందో నాకు రాయి.